సర్వే శాంపిల్ ఎలా తీయాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శాంపిల్ సర్వేల మీద వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట అడిగాయి: ఎంతమందిని అడిగితే చాలు? ఆ లెక్క మొదటి జవాబులోనే ఇచ్చాం. అయితే ఆ అంకెకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. మనం ఎవరి గురించి చెప్పదలుచుకున్నామో వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం ఉందా? ఆ అవకాశం ఎంతో మనకు తెలుసా? ఈ రెండిటికీ ‘అవును’ అని చెప్పలేని సర్వేను ఎన్ని వేలమందితో చేసినా నమ్మడం కష్టం. అందుకే చాలా జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రశ్న: మా మూడు గ్రామాల డ్వాక్రా సంఘాల్లో మొత్తం 1,200 మంది సభ్యులున్నారు. బ్యాంకు రుణాన్ని దేనికి వాడుతున్నారన్నది నా ప్రాజెక్టు. మా గైడ్ గారు 300 మంది చాలంటారు, సీనియర్లు 385 ఉండాల్సిందే అంటారు. మొత్తంలో 10 శాతం తీస్తే సరిపోతుందని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట వినాలి?
— ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థిని, కర్నూలు

మీ గైడ్ గారి మాటే వినండి. 385 ఎలా వస్తుందో చూద్దాం. 1.96ను 1.96తో గుణించి, దాన్ని 0.5తో ఒకసారి, మళ్లీ 0.5తో ఇంకోసారి గుణించండి. వచ్చినదాన్ని 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. పైకి సవరిస్తే 385. ఇందులో 1.96 అనేది 95 శాతం విశ్వాస స్థాయికి సంబంధించిన అంకె, అంటే ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే సుమారు 95 సార్లు ఫలితం మనం ఒప్పుకున్న తేడాలోపలే ఉంటుందని. 0.05 అంటే అటూ ఇటూ 5 శాతం తేడాను మీరు ఒప్పుకుంటున్నారని. 0.5 అంటే ‘అవును’ అనేవాళ్లు సగం, ‘కాదు’ అనేవాళ్లు సగం ఉంటారని ముందుగా అనుకోవడం. సగం సగం ఉన్నప్పుడే శాంపిల్ అత్యధికంగా కావాలి కాబట్టి, ముందస్తు సమాచారం లేనప్పుడు 0.5 పెట్టుకుంటే నష్టం లేదు.

ఇది చాలా పెద్ద జనాభాకు వేసే లెక్క. మీ జనాభా 1,200 మాత్రమే కాబట్టి ఒక సవరణ చేయాలి. 384ను 1,200తో భాగించి, దానికి 1 కలపండి: 1.32. ఇప్పుడు 385ను 1.32తో భాగిస్తే 291.7, అంటే 292 మంది. పదిమందిలో ఒకరు దొరకరనో మాట్లాడరనో అనుకుంటే 292ను 0.9తో భాగించి 325 పేర్లు తీసి పెట్టుకోవాలి.

10 శాతం నియమం మాత్రం ఎక్కడా లేదు. ఇదే సూత్రంలో జనాభా 50,000 అని వేస్తే 383 వస్తుంది, 8 కోట్లు అని వేస్తే 385. జనాభా ఒక హద్దు దాటాక శాంపిల్ సైజు దాదాపు కదలదు. 10 శాతం తీస్తే మీకు 120 మందే వస్తారు, అది చాలదు. 50,000 మంది ఉన్నచోట అదే నియమంతో 5,000 మందిని అడగాలి, అంత అవసరం లేదు.

మీకు రెండు హెచ్చరికలు. ఒకటి, ఈ 292 మొత్తం సభ్యులందరికీ కలిపి చెప్పే ఫలితానికే. ఒంటరి మహిళల పరిస్థితిని విడిగా చెప్పాలనుకుంటే, 292లో వాళ్లు 30 మందే ఉంటే ఆ 30 మీద శాతాలు వేసి అధ్యాయం రాయకండి. అక్కడ తేడా అటూ ఇటూ 18 శాతం దాకా పోతుంది. రెండోది, సంఘాన్ని మొత్తంగా ఎంచి అందులోని పదిమందినీ కూర్చోబెట్టి అడగకండి. పని సులువవుతుంది నిజమే. కానీ ఒకే సంఘంలో ఉన్నవాళ్లు తరచూ ఒకే సమయంలో రుణం తీసుకుని ఒకే రకంగా వాడతారు. పదిమందిని అడిగినా నలుగురైదుగురిని అడిగినంత సమాచారమే రావచ్చు. మీ గ్రామాలు మూడే, దూరాభారం లేదు. సభ్యుల పేర్లన్నీ ఒకే జాబితాగా రాసి, పేరు పేరునా ఎంచండి.

ప్రశ్న: గూగుల్ ఫామ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. నాలుగు రోజుల్లో 2,000 జవాబులు వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి 300 మందిని అడిగేదానికన్నా ఇదే మేలు కదా?
— యువజన సంఘం కార్యదర్శి, రాజమహేంద్రవరం

కాదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి పోస్టుకార్డు బ్యాలెట్లు పంపింది. సుమారు 23 లక్షలు తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, అధ్యక్ష ఎన్నికలో రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ దాదాపు 61 శాతం ఓట్లతో గెలిచాడు. చిరునామాలను ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నారు. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరో ఊహించవచ్చు. దానికి తోడు, బ్యాలెట్ నింపి పంపే ఓపిక రూజ్‌వెల్ట్ వ్యతిరేకులకే ఎక్కువగా ఉంది. జాబితాలో ఒక లోపం, జవాబిచ్చేవాళ్లలో ఇంకో లోపం. 23 లక్షల అంకె ఈ రెండింట్లో దేన్నీ సరిచేయలేకపోయింది.

మీ 2,000 మందిలోనూ ఇదే జరుగుతుంది. ఆ గ్రూపుల్లో లేనివాళ్లకు అవకాశం సున్నా. ఉన్నవాళ్లలో ఆ విషయం మీద పట్టుదల ఉన్నవాళ్లే ఫామ్ తెరుస్తారు. ఒకరే రెండుసార్లు నింపినా మీకు తెలియదు. ప్రశ్నలు అర్థమవుతున్నాయా, ఏ ఆప్షన్ మరచిపోయాం అని సరిచూసుకోవడానికి ఇలాంటి ఫామ్ బాగా పనికొస్తుంది. ‘పట్టణంలో ఇంత శాతం మంది ఇలా అంటున్నారు’ అని రాయడానికి మాత్రం పనికిరాదు. దాని పక్కన ‘అటూ ఇటూ 2 శాతం తేడా’ అని వేస్తే అది తప్పుడు సమాచారమే.

ప్రశ్న: ఎన్నికల సర్వేల కింద ‘ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం’ అని వేస్తారు. రెండు పార్టీల మధ్య 4 శాతం తేడా ఉంటే, 3 కన్నా ఎక్కువే కాబట్టి ముందున్న పార్టీ గెలిచినట్టేనా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఖమ్మం

గెలిచినట్టు కాదండీ. ఆ 3 శాతం ఒక్కో పార్టీ ఓటు శాతానికి చెప్పేది. ఒకరిది తగ్గితే రెండోవారిది పెరిగే పోటీలో ఇద్దరి మధ్య తేడాకు వచ్చే పొరపాటు దాదాపు రెట్టింపు, అంటే 6 శాతం దాకా ఉంటుంది. 4 శాతం ఆధిక్యం దానిలోపలే ఉంది.

అటూ ఇటూ 3 శాతానికి 1,068 మంది కావాలి. మొదటి జవాబులోని లెక్కలోనే 0.05 బదులు 0.03 పెడితే ఈ అంకె వస్తుంది. ఇది తెలంగాణ మొత్తానికి. 33 జిల్లాలకు పంచితే జిల్లాకు 32 మంది, అక్కడ తేడా 17 శాతం దాటుతుంది. కాబట్టి వెయ్యిమంది సర్వేలో జిల్లాలవారీ పట్టిక కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయండి.

ఇంకో సంగతి. ఈ 3 శాతం లెక్క, ఎవరి ఇష్టానికీ వదలకుండా లాటరీలా, అంటే ర్యాండమ్‌గా ఎంచినప్పుడే చెల్లుతుంది. ఇంతమంది మగవాళ్లు, ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది యువకులు అని కోటా ఇచ్చి, ఎవరిని పట్టుకోవాలో సర్వేయర్‌కే వదిలేస్తే అది కోటా శాంపిల్. సర్వేయర్ సహజంగా బస్టాండు దగ్గర, టీకొట్టు దగ్గర దొరికినవాళ్లతో కోటా పూర్తిచేస్తాడు. 1948 అధ్యక్ష ఎన్నికలో అమెరికాలో పేరున్న సర్వే సంస్థలన్నీ డ్యూయీ గెలుస్తాడన్నాయి, ట్రూమన్ గెలిచాడు. కోటా పద్ధతి మీద నమ్మకం సడలడానికి అది పెద్ద కారణం. ప్రచారం ముగియక ముందే సర్వేలు ఆపేయడం కూడా ఆ తప్పులో భాగమే.

ప్రశ్న: గ్రామంలో ప్రతి పదో ఇంటికి వెళ్లమని మాకు చెప్పారు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పలేదు. మేము పంచాయతీ ఆఫీసు దగ్గర మొదలుపెడుతున్నాం. ఇది సరైన పద్ధతేనా?
— స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, పాడేరు

పద్ధతి మంచిదే, మొదలుపెట్టే తీరే సరిగా లేదు. దీన్ని క్రమబద్ధ శాంపిల్ అంటారు. ఇందులో ర్యాండమ్ అనేది ఒక్కచోటే ఉంటుంది: మొదటి అంకెలో. దాన్ని మీరే నిర్ణయించుకుంటే మొత్తం శాంపిల్‌లో ర్యాండమ్ అన్నదే మిగలదు. ఎప్పుడూ పంచాయతీ ఆఫీసు, రామాలయం, మెయిన్ రోడ్డు దగ్గరే మొదలైతే అక్కడి ఇళ్లకు అవకాశం పెరిగిపోతుంది.

ఇలా చేయండి. ముందు ఊరంతా తిరిగి ఇళ్ల జాబితా రాయాలి. ఈ పనిని లిస్టింగ్ అంటారు, సర్వేలో సగం నాణ్యత ఇక్కడే తేలిపోతుంది. మీ ప్రాంతంలో ఒక పంచాయతీ కింద దూరదూరంగా ఎన్నో గూడేలుంటాయి. వాగు అవతల ఉన్న గూడేన్ని వదిలేస్తే, బడికీ ఆసుపత్రికీ ఎక్కువ దూరంలో ఉన్నవాళ్లే జాబితాలోంచి పోతారు. ఇల్లు అంటే కప్పు కాదు, పొయ్యి. ఒకే కప్పు కింద అన్నదమ్ములు వేరే వండుకుంటుంటే అవి రెండు కుటుంబాలు. తాళం వేసిన ఇల్లు కూడా జాబితాలోకి ఎక్కాలి. కాలనీలో కట్టి ఇంకా ఎవరూ దిగని ఇల్లయితే ‘ఖాళీ’ అని రాసి, కుటుంబాల వరుస నంబరు ఇవ్వకుండా వదలాలి.

జాబితాలో 1,130 కుటుంబాలు తేలాయని, మీకు 60 కావాలని అనుకుందాం. 1,130ని 60తో భాగిస్తే 18.83. చాలామంది ఇక్కడ దాన్ని 18 చేసేస్తారు. అలా చేస్తే 60 ఇళ్లు పూర్తయ్యేసరికి జాబితా చివర దాదాపు 50 ఇళ్లు మిగిలిపోతాయి. జాబితా చివర ఉండేవి సాధారణంగా ఊరి శివారు ఇళ్లే. 18.83ను అలాగే ఉంచండి. 0 నుంచి 18.83 మధ్య ఒక దశాంశ సంఖ్యను ర్యాండమ్‌గా తీయండి. 7.42 వచ్చిందనుకోండి. దానికి 18.83 కలుపుతూ పోతే 7.42, 26.25, 45.08 ఇలా వస్తాయి. ప్రతిదాన్నీ పైకి సవరిస్తే 8వ, 27వ, 46వ కుటుంబాలు. చివరిదాకా ఇంతే.

ఒక్క ప్రమాదం మాత్రం ఉంది. జాబితాలో ఏదైనా ఒక లయ ఉండి, అది మీ అంతరంతో (ఎన్ని ఇళ్లకొకటి తీస్తున్నారో ఆ అంకెతో) కలిసిపోతే శాంపిల్ దెబ్బతింటుంది. క్వార్టర్లలో వరుసకు 10 ఇళ్లుండి, మీ అంతరం కూడా 10 అయితే ప్రతిసారీ మూలిల్లే తగలొచ్చు. గ్రామాల్లో ఇది అరుదు. కంపెనీ టౌన్‌షిప్‌లు, అపార్ట్‌మెంట్లలో తప్పక చూసుకోవాలి.

టీకాల సర్వేలు చేసినవాళ్లకు ఊరి నడిబొడ్డున నిలబడి పెన్నో సీసానో తిప్పి, అది చూపిన దిక్కున నడిచే పద్ధతి గుర్తుండే ఉంటుంది. 30 క్లస్టర్లు (ఎంచిన ఊళ్లు, వాడలు), ఒక్కోదానిలో ఏడుగురు పిల్లలు, మొత్తం 210 మంది. వేగంగా ముగుస్తుంది కాబట్టి ప్రపంచమంతా దశాబ్దాలపాటు వాడారు. కానీ దాంతో ఊరి మధ్య ఇళ్లకు అవకాశం ఎక్కువ, శివారు ఇళ్లకు తక్కువ. ఏ ఇంటికి ఎంత అవకాశమో లెక్కకట్టడం కూడా కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త మాన్యువల్‌లో దాన్ని వదిలి, జాబితా రాసి ఎంచే పద్ధతికి మారింది. మీరూ పెన్ను తిప్పకండి.

ప్రశ్న: స్ట్రాటిఫైడ్, క్లస్టర్ — రెండిట్లోనూ జనాభాను ముక్కలు చేస్తారు. మరి తేడా ఏమిటి? జాతీయ సర్వేల్లో గ్రామాల్ని ఎలా ఎంచుతారు?
— బీఎస్సీ స్టాటిస్టిక్స్ విద్యార్థి, హనుమకొండ

స్ట్రాటిఫైడ్‌లో ప్రతి ముక్కలోంచీ కొందరిని తీస్తాం. క్లస్టర్‌లో కొన్ని ముక్కల్నే ఎంచి, మిగతావాటి జోలికి పోం. మొదటిది కచ్చితత్వం కోసం, రెండోది ఖర్చు తగ్గించుకోవడం కోసం. అందుకే స్ట్రాటమ్ (స్ట్రాటిఫైడ్‌లోని ఒక ముక్క) లోపల ఉన్నవాళ్లు ఒకేలా ఉంటే మనకు లాభం, క్లస్టర్ లోపల ఉన్నవాళ్లు ఒకేలా ఉంటే నష్టం.

స్ట్రాటిఫైడ్‌లో చాలామంది చేసే తప్పు చివర్లో ఉంటుంది. ఒక పట్టణంలో పాత బస్తీలో 6,000 ఇళ్లు, కొత్త కాలనీల్లో 2,000 ఇళ్లు. రెండిట్లోంచీ వందేసి ఇళ్లు తీశారు. కుళాయి ఉన్నవి పాత బస్తీలో 80, కాలనీల్లో 30. మొత్తం 200లో 110, అంటే 55 శాతం అని రాసేస్తారు. అది తప్పు. పాత బస్తీ పట్టణంలో నాలుగింట మూడొంతులు కాబట్టి 0.75 × 80 + 0.25 × 30 = 67.5 శాతం. పన్నెండున్నర శాతం తేడా! కంప్యూటర్ అడక్కుండా ఈ బరువులు వేయదు, మనమే వేయాలి. ఇక ఏ స్ట్రాటమ్‌కు ఎంత శాంపిల్ ఇవ్వాలంటే, పెద్దదానికీ, లోపల వైవిధ్యం ఎక్కువ ఉన్నదానికీ ఎక్కువ ఇవ్వాలని గణాంక శాస్త్రవేత్త నేమన్ 1934లో చూపించాడు. మీ సిలబస్‌లో నేమన్ కేటాయింపు అని ఉండేది ఇదే.

క్లస్టర్‌కు వద్దాం. నల్గొండ జిల్లాలో నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడాలనుకోండి. ఒకే బోరు నీళ్లు తాగే 20 ఇళ్లలో నమూనాలు పడితే చేతికి 20 సీసాలు వస్తాయి, సమాచారం మాత్రం ఒక్క సీసాదే. ఒక క్లస్టర్‌లోని ఇళ్లు ఎంత ఒకేలా ఉన్నాయన్న ఈ పోలికను కొలిచే అంకె 0 నుంచి 1 దాకా ఉంటుంది. క్లస్టర్‌కు 20 ఇళ్లు, పోలిక 0.05 అయితే 19ని 0.05తో గుణించి 1 కలపండి: 1.95. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు. మామూలు లెక్కలో 385 ఇళ్లు చాలినచోట ఇప్పుడు 751 కావాలి, అంటే 38 గ్రామాలు. ఊరికి 10 ఇళ్లే తీస్తే ఎఫెక్ట్ 1.45కి దిగుతుంది. 559 ఇళ్లు చాలు, కానీ 56 గ్రామాలు తిరగాలి. జీపు ఖర్చు ఒకవైపు, ఇంటర్వ్యూల ఖర్చు ఇంకోవైపు పెట్టి తూచుకోవాల్సిందే. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో 8,723 గ్రామాలు, 6,115 పట్టణ బ్లాకుల్లోంచి 2,61,746 కుటుంబాలను అడిగారు. ఒక్కో గ్రామానికి, బ్లాకుకు తీసుకున్నవి 18 కుటుంబాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అది 22.

గ్రామాలను సాధారణంగా సైజును బట్టి అవకాశం ఇచ్చి ఎంచుతారు. చేతితో చేసి చూస్తేనే ఇది బుర్రకెక్కుతుంది. ఆరు గ్రామాలు తీసుకోండి. కుటుంబాలు వరసగా 320, 180, 540, 90, 410, 260. ఒకదాని మీద ఒకటి కూడుతూ రాస్తే 320, 500, 1,040, 1,130, 1,540, 1,800. మూడు గ్రామాలు కావాలి కాబట్టి అంతరం 1,800లో మూడో వంతు, 600. 1 నుంచి 600 లోపు ర్యాండమ్‌గా 437 వచ్చిందనుకోండి. మిగతా రెండూ 1,037, 1,637. 437 అనేది 321–500 మధ్య పడింది, రెండో గ్రామం. 1,037 మూడోది. 1,637 ఆరోది. ఏదైనా గ్రామం ఒక్కటే 600 దాటితే దాన్ని ముందే తప్పనిసరి గ్రామంగా పక్కకు తీసి, మిగతావాటిలో ఎంపిక చేయాలి.

ఎంపికైన ప్రతి గ్రామంలో 20 కుటుంబాలు తీస్తారు. రెండో గ్రామానికి ఎంపికయ్యే అవకాశం 3 × 180 / 1,800, అంటే 0.3. అందులో ఒక కుటుంబానికి 20/180. రెండూ గుణిస్తే 1/30. మూడో గ్రామానికి చేసి చూడండి, అదే 1/30. పెద్ద ఊరికి ఎంపికలో ఎక్కువ అవకాశం, ఊరి లోపల కుటుంబానికి తక్కువ అవకాశం. రెండూ చెల్లుకు చెల్లు. ఈ పద్ధతి అందమంతా అక్కడుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ 180 పాత జనగణన అంకె. లిస్టింగ్ చేస్తే ఇప్పుడు 240 కుటుంబాలు తేలవచ్చు. అప్పుడు అవకాశం 0.3 × 20/240, అంటే 1/40. ఆ ఊళ్లోని ప్రతి కుటుంబం 30 కుటుంబాలకు కాదు, 40 కుటుంబాలకు ప్రతినిధి. గ్రామ ఎంపికకు పాత అంకె, కుటుంబ ఎంపికకు కొత్త అంకె వాడి బరువు కట్టాలి. లిస్టింగ్ కాగితాలు పారేసి బరువుల లెక్క దగ్గర చేతులెత్తేసిన సర్వేలు మేము చాలా చూశాం.

ప్రశ్న: ఉదయం పదింటికి వెళ్తే సగం ఇళ్లకు తాళాలే. పక్కింట్లో అడిగి పూర్తిచేయమని మా సూపర్‌వైజర్ అంటారు. చేయవచ్చా?
— సర్వే ఇన్వెస్టిగేటర్, అనంతపురం

చేయకండి. పగలు పదింటికి తాళం ఉందంటే ఆ ఇంట్లో అందరూ పనికి పోయారని. పక్కింట్లో మనిషి దొరికారంటే అక్కడ ముసలివాళ్లో, చంటిపిల్ల తల్లో, పని లేనివాళ్లో ఉన్నారని. ఒక్కో తాళానికీ పక్కిల్లు చేరుస్తూ పోతే మీ ఊళ్లో నిరుద్యోగం కాగితం మీద పెరుగుతుంది. కనీసం మూడుసార్లు వెళ్లాలి, మూడూ ఒకే వేళకు కాకూడదు. కూలిపనుల రోజుల్లో ఉదయం ఏడులోపు, సాయంత్రం ఆరు తరువాత మనుషులు దొరుకుతారు. మూడుసార్లకూ దొరక్కపోతే ‘తాళం’, ‘నిరాకరణ’, ‘వలస’ అని విడివిడిగా కోడ్ వేసి వదిలేయాలి. వలస వెళ్లిన కుటుంబాలు ఎక్కువుంటే ఆ సంగతి రిపోర్టులో చెప్పాలి. మీ జిల్లాలో ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు. ఎంతమంది తప్పిపోతారో ముందే అంచనా వేసి శాంపిల్ పెంచుకోవాలి తప్ప, ఊళ్లోకి వెళ్లాక కొత్త ఇళ్లు చేర్చకూడదు.

ఇంటి లోపల కూడా ఎంపిక ఉంటుంది, దీన్ని ఎక్కువమంది మరచిపోతారు. తలుపు తీసినవారినే అడిగితే చాలాచోట్ల ఇంటి పెద్దాయనే మాట్లాడతారు. ‘త్వరలో పుట్టినరోజు ఎవరిదో వారిని అడగండి’ అనే పద్ధతి పట్టణాల్లో నడుస్తుంది కానీ, పుట్టినతేదీ ఎవరికీ తెలియని పెద్దవాళ్లున్న ఇళ్లలో నడవదు. అక్కడ 18 దాటినవాళ్లందరి పేర్లూ పెద్ద నుంచి చిన్న వరకు వరసగా రాసి, ముందే ఇచ్చిన పట్టికలో ఆ ఇంటి నంబరుకు ఎన్నో మనిషి అని ఉంటే వారినే అడగండి. గణాంక శాస్త్రవేత్త కిష్ 1949లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. అలా చేసినప్పుడు నలుగురు పెద్దలున్న ఇంటి నుంచి వచ్చిన జవాబుకు, ఒక్కరే ఉన్న ఇంటి జవాబుకన్నా నాలుగు రెట్లు బరువు ఇవ్వాలి.

మీ సూపర్‌వైజర్‌కు ఒక మాట. పని నాణ్యత చూడాలంటే ఆకస్మిక తనిఖీలకన్నా మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చూపిన దారి గట్టిది. బెంగాల్ జనపనార సర్వేల్లో ఆయన శాంపిల్‌ను ర్యాండమ్‌గా రెండు భాగాలు చేసి, ఒకే ప్రాంతంలో రెండు బృందాలకు విడివిడిగా ఇచ్చేవారు. రెండు ఫలితాలూ యాదృచ్ఛికంగా రాదగినంత తేడాను మించి తేడాపడితే ఎక్కడో పని సరిగా జరగలేదన్నమాట. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైనప్పుడు ఈ పద్ధతి అందులోకీ వచ్చింది.

ప్రశ్న: మా ఊళ్లో నాలుగు చోట్ల వరి కోసి ఊరందరి దిగుబడి తేలుస్తారు. నా పొలంలో సగం పంట కూడా రాలేదు. బీమా రాలేదు. ఐదు మీటర్ల ముక్క కోసి ఊరి లెక్క ఎలా చెబుతారు?
— రైతు, మిర్యాలగూడ

మీ బాధ అర్థమైంది. ముందు పద్ధతి చెబుతాం, తరువాత దాని హద్దు చెబుతాం.

పొలాన్ని సర్వే నంబర్ల జాబితా నుంచి కోతకు ముందే ర్యాండమ్‌గా ఎంచాలి. పొలంలో ముక్క ఎక్కడ వేయాలో కూడా ర్యాండమ్ అంకెలే చెప్పాలి. పొలం 60 మీటర్ల పొడవు, 38 మీటర్ల వెడల్పు అనుకోండి. ముక్క 5 మీటర్లు కాబట్టి పొడవుకు 55 లోపు, వెడల్పుకు 33 లోపు ఒక్కో అంకె తీస్తారు. 41, 17 వచ్చాయనుకోండి. నైరుతి మూల నుంచి పొడవు వెంట 41 మీటర్లు, అక్కడినుంచి లోపలికి 17 మీటర్లు నడిచి మేకు కొట్టాలి. అక్కడ పంట పడిపోయి ఉన్నా, బాగా ఉన్నా కదపకూడదు. ఐదేసి మీటర్ల చతురస్రం గీశాక మూల నుంచి మూలకు 7.07 మీటర్లు ఉందో లేదో కొలవాలి. లేకపోతే ముక్క వంకరపోయింది.

25 చదరపు మీటర్లలో వచ్చిన గింజను 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి. పచ్చి గింజ 12 కిలోలుండి, ఎండాక 10.8 కిలోలైతే హెక్టారుకు 4,320 కిలోలు, ఎకరాకు దాదాపు 17.5 క్వింటాళ్లు. ఎండబెట్టి తూచకుండా పచ్చి లెక్కే వేస్తే ఎకరాకు దాదాపు రెండు క్వింటాళ్లు ఎక్కువ కనిపిస్తుంది, ఆ తేడా బీమా దగ్గర రైతుకు నష్టం.

తాడు గట్టుపక్క కొంచెం జరిగినా ఇలాంటిదే జరుగుతుంది. నాలుగు వైపులా 10 సెంటీమీటర్లు బయటికి పోతే ముక్క 5.2 × 5.2 అవుతుంది, దిగుబడి 8 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అదే ఒక మీటరు ముక్కయితే 44 శాతం పెరుగుతుంది. చిన్న ముక్కలు దిగుబడిని ఎక్కువ చేసి చూపిస్తాయని గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే 1940లలో పొలాల్లో కోయించి నిరూపించారు. మన దగ్గర వరికి ఇంత పెద్ద ముక్క కోయడం వెనక ఆ పనే ఉంది. తాడు మీద పడ్డ దుబ్బు విషయంలో నియమం ఒక్కటే: వేరు లోపల ఉంటేనే కోయాలి.

ఇక హద్దు. ఈ పద్ధతి చెప్పేది ఊరి సగటు, మీ పొలం సంగతి కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా మార్గదర్శకాల్లో గ్రామం యూనిట్‌గా ఉన్న ముఖ్య పంటకు కనీసం నాలుగు కోతలు. ఊళ్లో పొలానికీ పొలానికీ దిగుబడి 30 శాతం మేర మారుతుంటే, నాలుగు కోతల సగటులోని ప్రామాణిక దోషం (శాంపిల్ వల్ల సగటులో మామూలుగా వచ్చే తేడా) 15 శాతం. అంటే అసలు సగటుకు అటూ ఇటూ 30 శాతం దాకా పోవచ్చు. జిల్లా అంచనాకు ఈ నాలుగూ మిగతా ఊళ్లతో కలిసి బాగా పనిచేస్తాయి. ఒక్క ఊరి పరిహారం తేల్చడానికి నాలుగు చాలవని మా గట్టి అభిప్రాయం. వడగళ్ల వంటి స్థానిక విపత్తుకు మాత్రం ఆ పథకంలో పొలం స్థాయిలోనే పరిశీలన ఉంటుంది, నష్టం జరిగిన 72 గంటల్లోగా తెలియజేయాలి. కోత జరిగేటప్పుడు మీరూ వెళ్లి నిలబడండి. అంకెలు ఎలా తీశారు, మూల నుంచి మూలకు ఎంత వచ్చింది, గింజ ఎప్పుడు తూచారు అని అడగండి.

ప్రశ్న: ర్యాండమ్ నంబర్లకు ఎక్సెల్ చాలా, చీటీలు వేయాలా?
— పంచాయతీ కార్యదర్శి, నంద్యాల

ఎక్సెల్ చాలు. జాబితా పక్క నిలువు వరుసలో ర్యాండ్ ఫంక్షన్ వేసి, వెంటనే కాపీ చేసి విలువలుగా అతికించండి. అలా చేయకపోతే షీట్‌లో ఏ గడి మార్చినా అంకెలన్నీ మారిపోతాయి, రేపు ఎవరైనా అడిగితే మీ శాంపిల్ మీకే దొరకదు. తరువాత ఆ వరుస ప్రకారం సార్ట్ చేసి, పైనుంచి కావాల్సినన్ని పేర్లు తీసుకోండి. ర్యాండ్‌బిట్వీన్ వాడితే ఒకే నంబరు రెండుసార్లు రావచ్చు, కాబట్టి ర్యాండే మేలు. ఏ జాబితా, ఏ తేదీది, ఎన్ని పేర్లు, ఎవరి సమక్షంలో తీశారు అన్నది ఒక కాగితం మీద రాసి సంతకం చేయించి ఫైల్లో పెట్టండి. రేషన్ కార్డుల జాబితా అయితే కార్డు లేనివాళ్లు, ఓటర్ల జాబితా అయితే కొత్తగా వచ్చిన కోడళ్లు, పేరు ఎక్కని వలస కుటుంబాలు, కరెంటు కనెక్షన్ల జాబితా అయితే అద్దెకున్నవాళ్లు తప్పిపోతారు. రెండు కరెంటు మీటర్లున్న ఇల్లు రెండుసార్లు వస్తుంది. ఎవరెవరు ఆ జాబితాలో లేరో అన్నది కూడా అదే కాగితం మీద రాయండి.